ఆ మెసేజ్‌లో ఐదో అంశం రాసింది ఎవరు?

"క్రోమ్‌ను ఈ రోజే తొలగించండి, లేకుంటే మీ జీవితం గూగుల్ గుప్పిట్లో" అనే మెసేజ్ ఈ నెలలో నాకు తొమ్మిదిసార్లు వచ్చింది. క్రోమ్ అంటే ఇంటర్నెట్‌లో సైట్లు తెరవడానికి వాడే గూగుల్ బ్రౌజర్. మా పదో తరగతి గ్రూపులో నలుగురు పంపారు. ఒంగోలు అకౌంటెంట్ల గ్రూపులో ముగ్గురు పంపారు. చీమకుర్తి నుంచి గ్రానైట్ బిల్లులు పంపే కుర్రవాడు ఒకసారి, మా పిన్ని ఒకసారి. మొదట్లో చదివి వదిలేశాను. పోయిన మంగళవారం జరిగినదాని తర్వాత ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మెసేజ్ చూడనివారి కోసం అందులోని ఎనిమిది అంశాలు ఇవి. ఒకటి, చూసిన సైట్ల చరిత్ర మిగలనివ్వని ఇన్‌కాగ్నిటో మోడ్ పచ్చి మోసం. రెండు, ప్రకటనలను ఆపే యాడ్ బ్లాకర్లన్నిటినీ క్రోమ్ నిషేధించింది, అందుకే మీ ఫోనులో ప్రకటనలు పెరిగాయి. మూడు, బ్రౌజర్ మార్చిన క్షణం నుంచి మిమ్మల్ని ఎవరూ కనిపెట్టలేరు. నాలుగు, కొత్త బ్రౌజర్‌లో ప్రైవసీ ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) ఎన్ని ఎక్కువ వేస్తే అంత రక్షణ. ఐదు, మారే ముందు పాస్‌వర్డులన్నీ ఫైలుగా దించుకుని, నమ్మకమైనవారికి వాట్సాప్‌లో పంపి, ప్రింటు తీయించి దాచుకోండి. ఆరు, ఏ సైట్లు చూశామో గుర్తుపెట్టుకుంటూ మన వెంట తిరిగే ట్రాకింగ్ కుకీలను క్రోమ్ ఎప్పటికీ ఆపదు. ఏడు, క్రోమ్ వల్లే ఫోను వేడెక్కుతుంది. ఎనిమిది, కింది లింకు నుంచి "సురక్షిత బ్రౌజర్" దించుకోండి.

ఏడో అంశంతో సమయం వృథా చేయను. మే నెలలో ఒంగోలు ఎండలో బండి ట్యాంకు మీద పెట్టిన ఫోను ఏ బ్రౌజర్ ఉన్నా వేడెక్కుతుంది.

ఇన్‌కాగ్నిటో సంగతి సగం నిజం. ఆ మోడ్‌లో ఉన్నా గూగుల్ తమ వివరాలు సేకరించిందంటూ 2020 జూన్‌లో అమెరికాలో దావా పడింది. పాత రికార్డులను కోట్ల సంఖ్యలో తొలగించడానికి, ఇన్‌కాగ్నిటో తెరిచినప్పుడు కనిపించే వివరణను మార్చడానికి 2024లో కంపెనీ ఒప్పుకుంది. ఇంతవరకు మెసేజ్‌తో నాకు తగాదా లేదు. కానీ ఇన్‌కాగ్నిటో పని ఇంట్లో ఇంకొకరు అదే కంప్యూటర్ తెరిస్తే మన చరిత్ర కనిపించకుండా చూడటం. ఆ పని అది చేస్తుంది. జీఎస్టీ పని మీద ఇద్దరు ముగ్గురు క్లయింట్ల ఖాతాలు తెరవాల్సి వచ్చినప్పుడు నేను రోజూ దాన్నే వాడతాను. గొడుగు పట్టుకుని బావిలో దూకి, తడిశానని గొడుగును తిడితే ఎలా?

రెండో అంశం దగ్గర ఆగాలి. ఇందులో అసలు విషయం ఉంది, దాన్నే పాడు చేశారు. ఎక్స్‌టెన్షన్లకు వర్తించే నిబంధనలను మారుస్తామని గూగుల్ 2018లోనే చెప్పింది. కొత్త పద్ధతి పేరు మానిఫెస్ట్ వి3. పాత పద్ధతిలో బొమ్మో ప్రకటనో తెచ్చుకోవడానికి పేజీ నుంచి వెళ్లే ప్రతి అభ్యర్థనను ఎక్స్‌టెన్షన్ స్వయంగా చూసి, పోనివ్వాలో ఆపాలో అప్పటికప్పుడు తేల్చుకునేది. కొత్త పద్ధతిలో ఆపవలసినవాటి జాబితాను ముందుగానే బ్రౌజర్‌కు అప్పగించాలి. ఆపే పని బ్రౌజర్ చేస్తుంది. ఆ జాబితాకు పరిమితులున్నాయి. మన చెక్‌పోస్టులో లారీని ఆపి తనిఖీ చేసే మనిషిని తీసేసి, ఆపాల్సిన లారీల నంబర్లను గోడకు అంటించినట్లు. పాత పద్ధతి మీద నడిచే ఎక్స్‌టెన్షన్లను 2024 జూన్ నుంచి అంచెలంచెలుగా ఆపడం మొదలుపెట్టి, 2025 మధ్యకల్లా పూర్తి చేశారు. యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ అలా పోయింది. రేమండ్ హిల్ రాసిన, విరాళాలు కూడా అడగని ఆ ఉచిత ఎక్స్‌టెన్షన్ మీద నేను చాలా ఏళ్లు ఆధారపడ్డాను. ఒక ఉదయం ఆఫీసులో కంప్యూటర్ తెరిస్తే అది ఆగిపోయి ఉంది. ప్రకటనల మీద బతికే కంపెనీ, ప్రకటనలు ఎలా ఆపాలో నిర్ణయించడం నాకు నచ్చలేదు. అదే వారం ఫైర్‌ఫాక్స్ అనే మరో బ్రౌజర్‌కు మారాను. అక్కడ పాత పద్ధతి ఇంకా నడుస్తోంది.

కాబట్టి బ్రౌజర్ మార్చవద్దని నేను అనడం లేదు. నేనే మారాను. కానీ "అన్నిటినీ నిషేధించింది" అనడం అబద్ధం. యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అనే తేలికపాటి రూపం క్రోమ్‌లో ఇప్పటికీ ఉంది. "అందుకే మీ ఫోనులో ప్రకటనలు పెరిగాయి" అనడం మరీ విడ్డూరం. ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్‌కు ఎక్స్‌టెన్షన్లు వేసుకునే వీలు ఏనాడూ లేదు. లేనిదాన్ని ఎవరు నిషేధించారు? ఈ మెసేజ్ అందుకున్న వందమందిలో తొంభైమందికి కంప్యూటరే లేదు, ఉన్నది ఫోను. వాళ్లకు పనికొచ్చే ఒక్క మాట ఇందులో ఉండాల్సింది: ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పనిచేస్తుంది. అది లేదు. ఐఫోను ఉన్నవారికి ఆ దారి కూడా లేదు. మన దేశంలో అమ్మే ఐఫోనులో ఏ బ్రౌజర్ వేసినా లోపల పేజీలను చూపించేది ఆపిల్ ఇంజనే, దాని మీద యూబ్లాక్ ఆరిజిన్ నడవదు. అదీ లేదు.

యాడ్ బ్లాకర్ సోకు కోసం కాదని కూడా చెప్పాలి. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనల్లో నకిలీ సైట్లు ఉంటున్నాయి, యాడ్ బ్లాకర్ వాడండి అని అమెరికా ఎఫ్‌బీఐ 2022 డిసెంబరులో ప్రజలకు సూచించింది. మా ఆఫీసుకు వచ్చేవాళ్లు పాన్ కార్డు కోసం వెతికి, పైన కనిపించిన మొదటి లింకు నొక్కి, ఎవరికో డబ్బు కట్టి వస్తుంటారు. ఇంత మంచి కారణం చేతిలో ఉండగా అబద్ధంతో పనేమిటి?

మూడో అంశానికి రెండు వాక్యాలు చాలు. ఫైర్‌ఫాక్స్‌లోనైనా బ్రేవ్‌లోనైనా మీ జీమెయిల్‌లోకి లాగిన్ అయితే మీరెవరో గూగుల్‌కు తెలుస్తుంది, ఎందుకంటే చెప్పింది మీరే. ఇంటికి కనెక్షన్ ఇచ్చినవారికి మీరు ఏ సైటుకు వెళ్లారో తెలుసుకునే వీలు బ్రౌజర్ మారినా పోదు.

నాలుగో అంశం ప్రమాదకరం. ఎక్స్‌టెన్షన్ వేసేటప్పుడు "అన్ని సైట్లలోని మీ వివరాలను చదవడానికి, మార్చడానికి" అనుమతి అడుగుతుంది. చదవకుండానే సరే అంటాం. ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌ను 20 లక్షల మందికి పైగా వాడేవారు. వాడని ట్యాబులను నిద్రపుచ్చి కంప్యూటర్‌ను తేలికపరిచే మంచి పనిముట్టు అది. 2020లో దాని యజమాని దాన్ని ఎవరికో అమ్మేశాడు. కొన్నవాళ్లు ఏం చేశారో గాని, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దానిలో హానికర కోడ్ ఉందని తొలగించింది. వాడేవారికి యజమాని మారిన సంగతే తెలియదు. అంతకుముందు 2018లో యాడ్ బ్లాకర్ల పేరుతో తిరిగిన ఐదు నకిలీలను పట్టుకున్నారు, వాటిని వేసుకున్నవారు 2 కోట్లకు పైనే. తాళాలు ఎక్కువ వేసుకోమని చెబుతున్నారు మీరు, ప్రతి తాళానికీ ఇంకొకరి దగ్గర మారు తాళంచెవి ఉంటుందని చెప్పడం లేదు. ఒక్కటి చాలు, అదీ అందరికీ తెలిసినది.

ఇప్పుడు ఐదోది.

మంగళవారం మధ్యాహ్నం మాకు లెక్కలు చెప్పిన మాస్టారు మా ఆఫీసుకు వచ్చారు. రిటైరై పదేళ్లు దాటింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగుగా మడిచిన రెండు కాగితాలు. "నాయనా, ఈ కొత్త బ్రౌజర్‌లో ఇవన్నీ ఎక్కించి పెట్టు" అన్నారు. విప్పి చూశాను. వరుసగా గడులు: సైటు పేరు, చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డు. మొత్తం 64 వరుసలు. పెన్షన్ ఖాతా, బ్యాంకు ఖాతా, బీమా, అమెరికాలో ఉన్న కూతురితో కలిసి వాడే ఈమెయిలు. ఏదీ చుక్కల వెనుక దాగి లేదు. అక్షరం అక్షరం నల్లగా అచ్చయి ఉంది. సగానికి పైగా సైట్లకు ఒకటే పాస్‌వర్డు, మనవరాలి పేరు, పుట్టిన సంవత్సరం.

"ప్రింటు ఎక్కడ తీయించారు మాస్టారూ?" అని అడిగాను. వీధి చివరి జిరాక్స్ షాపు. షాపులో గోడకు అంటించిన వాట్సాప్ నంబరుకు ఫైలు పంపితే, అక్కడి అబ్బాయి కంప్యూటర్‌లో తెరిచి తీసిచ్చాడు. మెసేజ్‌లో అలాగే ఉంది కదా అన్నారు.

ఆయనను బండి మీద ఎక్కించుకుని వెళ్లాను. ఆ అబ్బాయి మంచివాడే, అడగగానే చూపించాడు. డౌన్‌లోడ్స్ ఫోల్డరులో మాస్టారి ఫైలు ఉంది. దాని పైనా కిందా ఎవరెవరివో ఆధార్ కార్డులు, పొలం కాగితాలు, ఇంటర్ మార్కుల జాబితాలు. ఆ కంప్యూటర్ ముందు రోజుకు ఎంతమంది కూర్చుని లేస్తారో ఆ అబ్బాయికే లెక్క లేదు. ఫైలు తొలగించాం, రీసైకిల్ బిన్ ఖాళీ చేశాం, వాట్సాప్‌లో కూడా తీసేశాం. ఆ తర్వాత ఆయన ఫోను పట్టుకుని చీకటి పడేదాకా పాస్‌వర్డులు మారుస్తూ కూర్చున్నాను. ముందు ఈమెయిలు, ఆ తర్వాత బ్యాంకు, తర్వాత పెన్షన్. ఓటీపీ వచ్చిన ప్రతిసారీ ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని అంకెలు ఒక్కొక్కటే చదివారు. మధ్యలో ఒకసారి "నేను తప్పు చేశానా?" అని అడిగారు. బోర్డు మీద ఒక్క అంకె తప్పుపడినా ఊరుకోని మనిషి.

ఈ అంశం రాసినవారికి నా ప్రశ్న ఇది. గూగుల్ ఇన్నేళ్లలో మాస్టారి పాస్‌వర్డులను జిరాక్స్ షాపు గోడకు అంటించిందా? అంటించింది మీరు. ప్రైవసీ పేరు చెప్పి, ఆయన గుట్టంతా రెండు కాగితాల మీద పరిచారు. ఆ ఫైలును సిద్ధం చేసేటప్పుడు, ఇది చూడగలిగినవారికి మీ పాస్‌వర్డులన్నీ కనిపిస్తాయని క్రోమ్ కూడా హెచ్చరిస్తుంది. దానికి మీ సమాధానం "భయపడకుండా సరే నొక్కండి" అని. ఆ మాట మెసేజ్‌లో ఉంది, వెళ్లి చూసుకోండి.

మారాలనుకునేవారు ఆ ఫైలు లేకుండానే మారవచ్చు. ఫోనులో రోజూ వాడే సైట్లు ఐదో ఆరో ఉంటాయి, చేత్తో ఎక్కించుకోండి. కంప్యూటర్‌లో ఫైలు తప్పనిసరైతే అదే కంప్యూటర్‌లో దించి, అక్కడే కొత్త బ్రౌజర్‌కు ఎక్కించి, ఆ నిమిషంలోనే తొలగించండి. అది ఆ కంప్యూటర్ దాటకూడదు, కన్నకొడుకు వాట్సాప్‌కైనా సరే.

ఎనిమిదో అంశంలోని లింకు నొక్కితే ప్లే స్టోర్ రాదు, నేరుగా ఒక ఫైలు దిగుతుంది. దాన్ని పెట్టింది ఎవరో లేదు. మనం కొట్టే ప్రతి అక్షరం బ్రౌజర్ గుండానే పోతుంది, పాస్‌వర్డులతో సహా. ఒకప్పుడు మన ఊళ్లలో ప్రతి ఫోనులోనూ ఉన్న యూసీ బ్రౌజర్‌ను 2020 జూన్ 29న కేంద్రం మరో 58 యాప్‌లతో పాటు నిషేధించింది. అప్పుడు ఆ నిషేధాన్ని చప్పట్లు కొట్టి పంచుకున్న చేతులే ఇప్పుడు ఊరూ పేరూ లేని బ్రౌజర్‌ను పంచుతున్నాయి.

ఆరో అంశం మిగిలింది. దీని దగ్గర మెసేజ్ రాసినవారిదే గెలుపు. ట్రాకింగ్ కుకీలను రెండేళ్లలో తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో ప్రకటించింది. ఆపిల్ వారి బ్రౌజర్ సఫారీ అదే ఏడాది మార్చిలో వాటిని పూర్తిగా ఆపేసింది. క్రోమ్ కూడా ఆపుతుంది, కాస్త ఓపిక పట్టండి అని మా గ్రూపులో అప్పుడు వాదించింది నేనే. గడువు వాయిదా పడుతూ పోయింది. 2024 జూలైలో ఆ ఆలోచనే విరమించుకున్నారు. నన్ను అప్పుడు కాదన్న ఇద్దరు మిత్రులు ఈ మెసేజ్ పంపినవారిలోనూ ఉన్నారు. ఆ వాదనలో మీరు చెప్పిందే నిజమైంది, నేను తప్పు. ఇప్పుడు నేను వాడుతున్న ఫైర్‌ఫాక్స్ వెనక ఉన్న మొజిల్లాకు వచ్చే డబ్బులో సింహభాగం గూగుల్ ఇచ్చేదే. మీ వివరాలు ఎన్నడూ అమ్మం అన్న మాటను వాళ్లు 2025 ఫిబ్రవరిలో తమ పేజీ నుంచి తీసేశారు కూడా. అయినా యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపంలో నడిచేది అక్కడ కాబట్టి అక్కడే ఉన్నాను.

మాస్టారికి ఈ మెసేజ్ పంపింది మన బ్యాచ్‌లోని వారే. ఎవరో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. 64లో ఇంకా 11 పాస్‌వర్డులు మార్చాల్సి ఉంది. ఆదివారం ఉదయం పది గంటలకు ఆయన ఇంటికి వెళుతున్నాను. పంపినవారు కూడా రండి.