మాస్‌ఫెట్ గారికి కర్నూలు ఇన్వర్టర్ మెకానిక్కుల విన్నపం

కరెంటును తెరిచి మూసే బుల్లి స్విచ్చులైన మహారాజశ్రీ మాస్‌ఫెట్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం సంగతి రోహిణి కార్తె దాటితే గానీ చెప్పలేం.

మనిషి తయారుచేసిన వస్తువుల్లో మీ అంత మంది ఇంకెవరూ లేరట. 1959లో బెల్ ల్యాబ్స్‌లో అటల్లా, కాంగ్ మీకు ప్రాణం పోస్తే, 2018 నాటికి మీ సంతానం 13 పక్కన 21 సున్నాలంత అయిందని అంచనా. 8 జీబీ ర్యామ్‌లోనే బిట్టుకొకరు చొప్పున 6,800 కోట్లకు పైగా కాపురముంటారు. లోకంలో జనమే 800 కోట్లు కదా సామీ! అంతమందీ ఫోన్లో ఏళ్ల తరబడి కిమ్మనకుండా పడుంటారు. ఇన్వర్టర్లో ఎనిమిది మందిని బిగిస్తే మాత్రం అలకలే.

మీ గుణగణాలు చెప్పే డేటాషీటు పెళ్లిళ్ల పేరయ్య మాటల్లాగే ఉంటుంది. మీలో ఐఆర్‌ఎఫ్ 3205 అనే మోడల్‌ సంగతే చూడండి: 55 వోల్టులు, 110 ఆంపియర్లు! కింద చిన్నక్షరాల్లో అసలు సంగతి. ఆ 110 మీ ఒళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటేనే. అప్పుడైనా ప్యాకేజీ, అంటే మీ పైతొడుగూ కాళ్లూ, తట్టుకునేది 75. మే నెల మధ్యాహ్నం కర్నూల్లో 25 డిగ్రీలు ఎక్కడున్నాయో చూపిస్తే ఇన్వర్టర్ అక్కడే పెడతాం.

ఒళ్లు కాగేకొద్దీ మీ రెసిస్టెన్స్ పెరుగుతుంది, పెరిగేకొద్దీ ఇంకా కాగుతారు. బ్యాటరీ దిగితే, మిమ్మల్ని తెరిచి మూసే కాలైన గేటుకు వోల్టేజీ చాలక అటు మూయరు, ఇటు పూర్తిగా తెరవరు. పోయేది అప్పుడే. అందుకే 12 వోల్టుల బ్యాటరీకి 10.5 దగ్గర కట్ పడాలి. ఆ కట్ తీసేయమని అడిగే కస్టమర్లకు వేరే ఉత్తరం రాస్తాం.

పోవడంలోనూ మీది గొప్ప ఐకమత్యం. ప్యారలల్‌గా ఉన్న నలుగురిలో ఒక్కరు షార్ట్ అయినా మీటరు బజర్ నలుగురి మీదా మోగుతుంది. విప్పి విడివిడిగా చూస్తే గానీ దొంగ దొరకడు. దొరికినా వాణ్ణొక్కణ్ణే మార్చి లాభం లేదు. మిగతావాళ్లు అప్పటికే దెబ్బ తినుంటారు. నలుగురినీ ఒకే బ్యాచ్‌వి వేయాలి. పోతూ పోతూ గేటు రెసిస్టర్లనూ, గేటును నడిపే డ్రైవర్‌నూ కాల్చిపోవడం మీకు అలవాటే కనుక అవీ చూడాలి.

మీటరుతోనూ మీకు ఆటలే. డయోడ్ మోడ్‌లో మీ మిగతా రెండు కాళ్లలో సోర్స్‌కు ఎర్ర ప్రోబు, డ్రెయిన్‌కు నల్లది పెడితే 0.4, 0.6 వోల్టుల మధ్య చూపాలి. తిప్పి పెడితే ఓఎల్, అంటే కరెంటు పారడం లేదని. కానీ మీటరు కాస్త ఎక్కువ వోల్టేజీ ఇచ్చేదై, ఎర్ర ప్రోబు ముందే గేటుకు తగిలిందంటే ఆ చార్జి కడుపులో దాచుకుని, తిప్పి పెట్టినా కరెంటు వదులుతారు. కొత్త కుర్రాళ్లు షార్టనుకుని మంచివాళ్లను చెత్తబుట్టలో వేస్తారు. మూడు కాళ్లూ వేలితో కలిపి తాకితే చాలు, మళ్లీ బుద్ధిగా ఓఎల్.

ఇక మీ పేరు పెట్టుకుని తిరిగే నకిలీలు. పాత ప్యాకేజీ ముఖం గీకి, 3205 అని కొత్తగా అచ్చేసినవి. మీ వంశంలో ఇంతమంది ఉండీ వాళ్లను వెలివేయలేరా?

మైకా వేసి, తెల్ల పేస్ట్ పలచగా రాసి, స్క్రూ బిగించి, బ్యాటరీ ప్లస్ వైరులో కారు హెడ్‌లైట్ బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేస్తాం. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గిందా, మీతో రాజీ కుదిరినట్టే. నిండుగా వెలిగిందా, మళ్లీ విప్పుతాం, ఆ కూలీ మీరే ఇవ్వాలి.

చిత్తగించవలెను.

ఇట్లు,
కర్నూలు పాతబస్టాండు సందుల్లోని మెకానిక్కులు