సవరణ: ఈస్ట్రోజన్, మద్యం, ఆడ చిట్టెలుకలు

ముందటి పోస్టులో "ఈస్ట్రోజన్ పెరిగిన రోజుల్లో మద్యం ఎక్కువ తాగాలనిపిస్తుంది" అన్న వాక్యం ఉంది (ఈస్ట్రోజన్ అంటే ఆడవాళ్లలో ఎక్కువగా ఉండే హార్మోన్). ఆడవాళ్లందరికీ వర్తించే మాటగా కొందరు దాన్ని తీసుకున్నారు. కాబట్టి దాన్ని ఇలా చదువుకోండి: "ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉన్నప్పుడు ఆడ చిట్టెలుకలు ఎక్కువ మద్యం తాగాయి."

ఈ ఫలితం న్యూయార్క్‌లోని వీల్ కార్నెల్ మెడిసిన్ పరిశోధకులది. 2024 డిసెంబరులో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చింది. నిజానికి అందులో అసలు విశేషం వేరే. ఈస్ట్రోజన్ సాధారణంగా కణకేంద్రకం దాకా వెళ్లి జన్యువుల పనితీరును మారుస్తుంది, దానికి గంటలు పడుతుంది. ఇక్కడ మాత్రం మెదడు కణాల పైపొర దగ్గర హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్ల ద్వారా నిమిషాల్లోనే పని కానిచ్చేసింది!

మనుషుల దగ్గరికొచ్చేసరికి లెక్క చిక్కుపడుతుంది. చిట్టెలుకల రుతుచక్రం నాలుగైదు రోజులే, మనది సుమారు 28 రోజులు. పైగా ప్రొజెస్టరాన్ అనే మరో హార్మోన్ ఎత్తుపల్లాలు, గర్భనిరోధక మాత్రలు, నెలసరి ముందు వచ్చే చిరాకు, టెన్షన్ అన్నీ కలుస్తాయి. నెలసరి దశలకూ తాగుడుకూ సంబంధం వెతికిన అధ్యయనాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మగవాళ్లు తాగినంతే తాగినా ఆడవాళ్ల రక్తంలో ఆల్కహాల్ శాతం ఎక్కువగా ఉండటాన్ని కూడా ఈస్ట్రోజన్ ఖాతాలో వేయకండి. దానికి ముఖ్య కారణం ఒంట్లో నీటి శాతం తక్కువగా ఉండటం.

మద్యం వల్ల ఈస్ట్రోజన్ పెరగవచ్చు, రొమ్ము క్యాన్సర్ ముప్పుకు అదొక దారి అని ముందటి పోస్టులో రాసిన భాగంలో మార్పేమీ లేదు.