కప్పు ఎగిరిపోయాకే తనిఖీయా?

తుపాను తీరం దాటిన మర్నాడు అధికారులు ఊళ్లలోకి వస్తారు. ఇల్లు పూర్తిగా పోయిందా, పాక్షికంగా దెబ్బతిన్నదా అని చూసి రాసుకుంటారు. ఆ నమోదును బట్టే పరిహారం. గాలికి ముందు అదే కప్పు కింద నిలబడి ఒక్క ఇంజినీరైనా తలెత్తి చూశారా అంటే సమాధానం లేదు. అక్టోబరు, నవంబరు నెలలు తీరానికి ఏటా గండమే అయినా ఈ వరుస మాత్రం మారడం లేదు.

1977 దివిసీమ ఉప్పెన తరువాత హెచ్చరికలు, తరలింపులు, తుపాను షెల్టర్లు వేలాది ప్రాణాలను నిలబెట్టాయి. ఇళ్లను మాత్రం గాలికే వదిలేశాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కనీవినీ ఎరుగని గాలి అన్నారు. గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతంలో వీచిన ఆ గాలి నిజానికి ఊహకు అందనిదేమీ కాదు. కట్టడాలు ఎంత గాలిని తట్టుకోవాలో చెప్పే జాతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల వేగాన్ని, అంటే గంటకు 180 కిలోమీటర్లను, అంతకు చాలా ముందే నిర్దేశించింది. అంకె పుస్తకంలో ఉంది, దాన్ని ఇంటి దాకా తీసుకువెళ్లే తనిఖీయే లేదు.

గాలి రేకుల కప్పును కిందికి తొక్కదు, పైకి లాగుతుంది. వేగం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగు రెట్లవుతుంది. ముందుగా లేచేవి అంచులు, మూలలు. రేకును పట్టి ఉంచే కొక్కెం లాంటి జె-బోల్టు తుప్పు పట్టి సన్నబడటం, వాషరు ఊడిపోయిన రంధ్రం, గోడకు బిగించకుండా ఊరికే ఆనించిన వాసం, బరువు కోసం రేకు మీద పెట్టిన నాలుగు ఇటుకలు: వీటిని కనిపెట్టడానికి ఒక నిచ్చెన, ఒక టార్చి, తెలిసిన మనిషి చాలు.

సిబ్బంది చాలరని, పేదల మీద భారం పడుతుందని అధికారులు చెప్పే మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఇంటి పక్కన వదలవలసిన ఖాళీ స్థలాన్ని టేపు పెట్టి కొలవడానికి దొరికే సిబ్బంది, కప్పును గోడకు కట్టి ఉంచిన బోల్టును చూడటానికి ఎందుకు దొరకరు? గాలి వేగం లెక్క నక్షాల మీద సంతకం వరకే పరిమితమై, కట్టిన ఇంట్లో దాన్ని ఎవరూ వెతకకపోతే ఆ సంతకానికి విలువేమిటి? ఫ్లోరిడా రాష్ట్రం 2006లోనే ప్రభుత్వ ఖర్చుతో ఇంటింటి గాలి తనిఖీలు మొదలుపెట్టి, కప్పులు బిగించుకోవడానికి సాయం కూడా చేసింది. అంత సంపద మనకు లేదు, నిజమే. కానీ ఎగిరిన కప్పుకు పరిహారం ఇస్తున్న ఖజానాకు బోల్టుల ఖర్చు భారమని చెప్పడం ప్రజలను మభ్యపెట్టడమే.

ప్రైవేటు ఇళ్ల జోలికి వెళ్లడం కష్టమంటే, ప్రభుత్వం ముందు తన సొంత కప్పుల నుంచే మొదలుపెట్టాలి. తుపాను రాత్రి జనాన్ని తరలించే పాఠశాలల తలుపుల గడియలు, కిటికీ రెక్కలు, వరండా రేకులు చివరిసారి ఎప్పుడు పరీక్షించారో, ఎవరు పరీక్షించారో తీర జిల్లాల యంత్రాంగం ఈ సీజను ముదరకముందే ఊరి పేర్లతో సహా బయటపెట్టాలి. ఆ జాబితా చూపలేని వారు రేపు తుపాను వెలిసాక నష్టాల పుస్తకం పట్టుకుని ఏ ముఖంతో ఆ ఊళ్లకు వెళతారు?