రెండు వేలు, పాతిక కిలోల బియ్యం సరే... ఆ పదిహేను శాతం ఏమైంది?

కరోనాతో బడులు మూతపడి జీతాలు ఆగిన ప్రైవేటు స్కూళ్ల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ 2021 ఏప్రిల్ 8న ప్రకటించారు. మంచి పని. ఏడాదిగా జీతం ముఖం చూడని ఇళ్లలో పొయ్యి వెలిగించే సాయం అది. ఈ సాయాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. అయితే అది ప్రభుత్వ ఖజానా నుంచే ఎందుకు రావాల్సి వచ్చిందో మాత్రం అడగాలి. ఇలాంటి రోజు కోసమే విడిగా దాచి ఉంచాల్సిన డబ్బు ఒకటుంది. దాచి తీరాలని 1994లో సర్కారే జీవో రాసింది. ఆ డబ్బు సంగతి మాత్రం ఎవరి నోటా రాలేదు.

2020 మార్చిలో మూతపడ్డ బడులు 2021 ఫిబ్రవరిలో తెరుచుకున్నాయి. మార్చి 24న మళ్లీ మూతపడ్డాయి. పదో తరగతి పరీక్షలు వరుసగా రెండో ఏడాదీ రద్దయ్యాయి. ఏప్రిల్‌లో రాత్రి కర్ఫ్యూ కూడా వచ్చింది. ఇవన్నీ అందరికీ తెలిసినవే. పని పోవడం, డబ్బు అందకపోవడం, చదువు ఆగిపోవడం మూడు వేర్వేరు కష్టాలన్నట్టు పత్రికల్లో మూడు పేజీల్లో వచ్చాయి. హైదరాబాద్ ఇళ్లలో మాత్రం అవి మూడూ ఒకే కష్టం.

ఉప్పల్‌లోనో కూకట్‌పల్లిలోనో ఒక మామూలు ఇంటిని తీసుకోండి. భర్త ఐటీ కంపెనీకి క్యాబ్ నడుపుతాడు. భార్య కాలనీలోని స్కూల్లో నాలుగో తరగతికి పాఠాలు చెబుతుంది. ఇద్దరు పిల్లలూ అదే స్కూల్లో సగం ఫీజు మీద చదువుతారు. కంపెనీలు వర్క్ ఫ్రమ్ హోమ్ అనగానే కారు ఇంటి ముందు నిలబడిపోయింది. కారు అప్పు లాంటి వాటికి రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన మారటోరియం, అంటే కిస్తీల వాయిదా, ఆరు నెలలు నడిచి 2020 ఆగస్టు 31తో అయిపోయింది. ఆ ఆరు నెలలూ కిస్తీ ఆగిందే గానీ వడ్డీ ఆగలేదు. కిస్తీ కట్టలేనివాడు ముందుగా ఆపేది పిల్లల ఫీజే. అలాంటి వంద ఇళ్లు ఫీజు ఆపితే స్కూలు టీచర్ల జీతం ఆపింది. అంటే ఈ ఇంట్లో భర్త కట్టలేని ఫీజూ, భార్యకు రాని జీతమూ ఒకే డబ్బు. దానికి తోడు 2020 అక్టోబరు వరదల్లో ఇల్లు మునిగితే సర్కారు సాయంగా చేతికొచ్చింది 10,000. బంగారం విలువలో 90 శాతం దాకా అప్పు ఇవ్వొచ్చని బ్యాంకులకు ఆర్బీఐ ఇచ్చిన సడలింపూ 2021 మార్చి 31తో ముగిసింది. పుస్తెలతాడు కుదువ పెట్టాక మిగిలేది ఫోన్‌లో వచ్చే అప్పు యాప్‌లే. అవి మనుషులను ఎలా పీక్కుతిన్నాయో 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా చేసిన అరెస్టుల్లో చూశాం.

ఇంత ముడిపడ్డ వ్యవహారాన్ని మనం ఫీజుల గొడవగా కుదించేశాం. 2020 ఏప్రిల్ 21న వచ్చిన జీవో 46 ఫీజులు పెంచొద్దంది, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోమంది. అప్పటి నుంచీ తల్లిదండ్రుల సంఘాలు ఒకవైపు, యాజమాన్యాలు మరోవైపు. టీవీ చర్చల్లోనూ ఆ రెండు కుర్చీలే. క్లాసు చెప్పిన మనిషికి మూడో కుర్చీ వేయాలని ఎవరికీ తోచలేదు.

యాజమాన్యాల వాదన తీసిపారేసేది కాదు. కాలనీ స్కూలు నడిపే కరస్పాండెంట్ కోటీశ్వరుడేమీ కాడు. బిల్డింగు అద్దె ఆగదు, బస్సుల కిస్తీ ఆగదు, ఫీజులేమో సగం కూడా రాలేదు. ‘మేమే అప్పుల్లో ఉంటే జీతాలు ఎక్కడి నుంచి తెచ్చేది?’ అని వాళ్లు అడిగారు. చాలామంది విషయంలో ఇది నిజం. కానీ ఈ జవాబు 2020కి సరిపోతుంది. అంతకుముందు ఫీజులు సక్రమంగా వచ్చిన పాతికేళ్లకు సరిపోదు.

ఎందుకంటే ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న జీవో నంబరు 1 వచ్చింది. ప్రైవేటు స్కూలు ఆదాయాన్ని ఎలా ఖర్చు పెట్టాలో అందులో వాటాలు వేసి మరీ చెప్పారు. యాజమాన్యానికి 5 శాతం. సిబ్బంది జీతాలకు 50 శాతం. నిర్వహణకు 15, స్కూలు అభివృద్ధికి 15. మిగిలిన 15 శాతం సిబ్బంది సంక్షేమానికి, అంటే గ్రాట్యుటీ, పీఎఫ్, బీమా వంటివాటికి.

ఒక లెక్క వేద్దాం. నాలుగు వందల మంది పిల్లలున్న కాలనీ స్కూలు. తలకు ఏడాదికి 20,000 ఫీజు. మొత్తం 80 లక్షలు. ఇరవై మంది సిబ్బంది అనుకుందాం. జీవో ప్రకారం జీతాలకు 40 లక్షలు పోవాలి, అంటే మనిషికి నెలకు 16,000 పైమాటే. ఇలాంటి స్కూళ్లలో ప్రైమరీ టీచర్ చేతికి ఎంత వస్తుందో మీ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. 2021లో ఎనిమిది వేలంటే గొప్ప. సరే, దాన్ని పక్కన పెడదాం. సంక్షేమానికి ఉద్దేశించిన 15 శాతం చూడండి. ఏటా 12 లక్షలు. ఇరవై మందికి పంచితే తలకు 60,000. ఒక్కటంటే ఒక్క ఏడాది ఆ డబ్బు నిజంగా విడిగా పెట్టి ఉంటే, బడి మూతపడ్డ పన్నెండు నెలలూ ప్రతి టీచరుకూ నెలకు 5,000 ఇవ్వొచ్చు. ఒక్క పిల్లవాడు ఫీజు కట్టకపోయినా ఇవ్వొచ్చు. 2021లో సర్కారు ప్రకటించిన రెండు వేలకు రెండున్నర రెట్లు. అదే పదేళ్లు దాచి ఉంటే? టీచరు బజారున పడేది కాదు, ఫీజు కోసం తల్లిదండ్రులను ఆన్‌లైన్ క్లాసు లింకు కట్ చేస్తామని బెదిరించే అవసరమూ స్కూలుకు వచ్చేది కాదు. నిజానికి ఇరవై మంది లేదా అంతకు మించి పనిచేసే ఏ స్కూలైనా పీఎఫ్ కట్టి తీరాలి. 2020 మార్చిలో కేంద్రం పీఎఫ్ నుంచి మూడు నెలల జీతమో, నిల్వలో 75 శాతమో, ఏది తక్కువైతే అది తీసుకోనిచ్చింది. ఈఎస్ఐ అనే ఉద్యోగుల బీమా ఉన్నవాళ్లకు పని పోతే 90 రోజుల పాటు సగం జీతం భృతిగా ఇస్తామంది. పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ నంబరు లేని టీచరుకు ఈ రెండు తలుపులూ మూసుకున్నాయి.

మా బోడుప్పల్ వైపు ఒక సోషల్ టీచర్ ఉన్నారు. ఎంఏ, బీఈడీ. పదకొండేళ్లు ఒకే స్కూల్లో చెప్పారు. అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, పే స్లిప్ లేదు, జీతం కవర్లో పెట్టి ఇచ్చేవారు. చేరిన రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఆఫీసు బీరువాలో పెట్టించుకున్నారు. ఏటా ఎండాకాలం సెలవుల్లో ఆయన పని ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు తేవడం. ఇన్ని సీట్లని టార్గెట్, తేకపోతే జూన్‌లో ఉంటారో లేదో తెలియదు. లాక్‌డౌన్ రాగానే ‘తెరిచాక చూద్దాం సార్’ అన్నారు. 2021 వేసవికి ఆయన మెయిన్ రోడ్డు పక్కన బండి మీద మామిడిపండ్లు అమ్ముతూ కనిపించారు. తన దగ్గర చదువుకున్న పిల్లల తల్లులు వస్తే తూకం కాస్త ఎక్కువే వేసేవారు. రెండు వేల సాయానికి దరఖాస్తు పెడదామంటే స్కూళ్లు, టీచర్ల వివరాలుండే సర్కారు రికార్డు యూడైస్‌లో ఆయన పేరే లేదు. ‘గట్టిగా అడగొచ్చు కదా సార్’ అంటే, ‘సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరున్నయి తమ్మీ, ఎట్ల అడుగుతం’ అన్నారు.

పదకొండేళ్లు పనిచేసిన మనిషి ఆ స్కూల్లో పనిచేసినట్టు ఏ కాగితమూ లేదు. 1982 నాటి విద్యా చట్టం ప్రకారం విచారణ లేకుండా ప్రైవేటు టీచర్‌ను తీసేయడానికి వీల్లేదు. కానీ తీసేశారని చెప్పాలంటే ముందు పెట్టుకున్నట్టు రుజువుండాలి కదా.

ఇక్కడ నన్ను ఏళ్ల తరబడి వేధిస్తున్న సంగతి ఒకటి చెప్పాలి. టీచర్‌కు మనం చేసిన అన్యాయం కరోనాతో మొదలు కాలేదు, గౌరవంతో మొదలైంది. టీచరు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికుడు కాడని సుప్రీంకోర్టు 1988లో, గోవాకు చెందిన సుందరాంబాళ్ కేసులో తీర్పు చెప్పింది. చదువు చెప్పడం పవిత్రమైన వృత్తి, దాన్ని కూలిపనితో సమానంగా చూడలేమన్నది దాని వెనకున్న భావన. అదే స్కూల్లో బస్సు నడిపే డ్రైవర్‌ను తీసేస్తే ఆ చట్టం కింద లేబర్ కోర్టుకు వెళ్లే వీలుండేది. టీచర్‌కు ఆ వీలు లేకపోయింది. గ్రాట్యుటీ చట్టం కింద టీచర్ ఉద్యోగి కూడా కాడని 2004లో మరో తీర్పు వచ్చింది. దాన్ని సరిదిద్దడానికి 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించాల్సి వచ్చింది, 1997 నుంచి వర్తించేలా. సెప్టెంబరు 5న శాలువా కప్పుతాం, పిల్లలతో కాళ్లకు దండం పెట్టిస్తాం. జీతం అడిగితే మాత్రం ‘మీరు కూడా ఇలా రోడ్డెక్కితే ఎలా సార్’ అంటాం. ఇందిరాపార్కు దగ్గర ధర్నాకు కూర్చున్న టీచర్లను చూసి ఇబ్బందిపడ్డ పెద్దమనుషులు చాలామందే ఉన్నారు. వాళ్లు ఇబ్బందిపడాల్సింది ధర్నాను చూసి కాదు. టీచరూ పనిచేసి బతికే మనిషే. సిమెంటు మోసే మనిషికి ఉండాల్సిన హక్కులన్నీ పాఠం చెప్పే మనిషికీ ఉండాలి. పూజించినంత మాత్రాన కడుపు నిండదు.

దీని ఫలితం చివరికి పిల్లల మీదే పడింది. 2020 సెప్టెంబరు నుంచి రాష్ట్ర సర్కారు చానల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. సర్కారు బడి పిల్లలకు అది ఎంతో కొంత ఆసరా అయింది. కానీ టీవీని సందేహం అడగలేం. సందేహం తీర్చే మనిషి మామిడిపండ్ల బండి దగ్గర ఉండిపోయాడు. బడులు తెరుచుకున్నాక ఆయన తిరిగి వస్తారన్న నమ్మకం నాకు అప్పుడు కలగలేదు. బండి మీద రోజుకు వచ్చే నాలుగు రాళ్లు కవర్లో వచ్చే జీతం కంటే ఎక్కువగానే కనిపించాయి మరి. రెండేళ్లు అక్షరం మరిచిన పిల్లలకు అనుభవమున్న టీచర్లు కావాల్సిన సమయంలో, డిగ్రీ ఫైనలియర్ పిల్లలను ఐదు వేలకు పెట్టుకుని క్లాసులు నడిపే రోజు వస్తుందనిపించింది.

కాబట్టి ప్రభుత్వం ఆగాల్సింది రెండు వేల దగ్గర కాదు. ఫీజుల మీద జీవో ఎప్పుడు తెచ్చినా, అందులో తల్లిదండ్రులకు ఇచ్చే ఊరటతో పాటు టీచర్ల పేరిట ఒక పేరా ఉండాలి. గుర్తింపు రెన్యువల్ కోసం జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆఫీసుకు వచ్చే ప్రతి ఫైలులోనూ సిబ్బంది పేర్లు, బ్యాంకు ద్వారా చెల్లించిన జీతాల స్టేట్‌మెంటు, పీఎఫ్ చలానాలు అడగాలి. అవి లేకుండా సంతకం పడకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకున్న స్కూలు వారంలోగా తిరిగి ఇవ్వాలి. 15 శాతం నిధిని జిల్లా స్థాయిలో ఉమ్మడి ఖాతాలో వేయించాలి, అప్పుడు చిన్న స్కూలు మూతపడినా అక్కడి టీచర్ మునగడు. ఇవేవీ కొత్త చట్టం అడిగే పనులు కావు, మొదటి మూడింటికైతే కొత్త పైసా కూడా అక్కర్లేదు. ఫీజు కట్టే తల్లిదండ్రులు కూడా రసీదు తీసుకునేటప్పుడు ఒక్క మాట అడగాలి: ఇందులో మా పిల్లల టీచర్‌కు ఎంత వెళ్తోంది?