గోడలో పైపు, కిటికీలో కేబుల్

గోడలో పైపు ఉన్నది వైరు లాగడానికే అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. మొన్నటిదాకా నేనూ వాళ్లలో ఒకణ్ణి. పైపు ఉన్నది గృహప్రవేశం రోజు చుట్టాలకు చెప్పుకోవడానికి. "అంతా కన్సీల్డే, ఒక్క వైరు బయటికి కనపడదు" అని మా నాన్న 1989లో వచ్చినవాళ్లందరికీ ఇల్లు తిప్పి చూపించారు. మాట నిలబెట్టుకున్నారు. ఆ వైర్లు ఇప్పుడు బయటికి రమ్మన్నా రావడం లేదు.

పాత కేబుల్ కనెక్షన్ తీసేసి డిష్ పెట్టిద్దామనుకున్నాం. కుర్రాడు భుజాన కేబుల్ చుట్టతో వచ్చి, డాబా మీద దక్షిణం వైపు డిష్ బిగించాడు. నేను పిట్టగోడ దగ్గర పైపు మూతి చూపించి, "ఇక్కణ్నించి హాల్లోకి దారి ఉంది" అన్నాను, కోటలో సొరంగం చూపించే గైడులాగా. అతను వంగి ఒంటికన్నుతో చూసి, లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "రాదు సార్."

అంతే. చేయి కూడా పెట్టలేదు. ఎంత పెద్ద డాక్టరైనా నాడి చూడకుండా అంత ఖరాఖండీగా చెప్పడు.

నేను లెక్కల మనిషిని. పైపు కొలత 20 మిల్లీమీటర్లు, లోపల ఓ 17 ఉంటుంది. డిష్ కేబుల్ మందం 7. లోపల ఉన్న పాత కేబుల్ ఇంకో 7. మొత్తం 14. ఇంకా మూడు మిగులు! కాగితం మీద వేసి చూపించాను. కుర్రాడు శ్రద్ధగా చదివి, "బెండ్లు ఎన్ని సార్?" అని అడిగాడు.

అది స్లాబు వేసినవాళ్లకే తెలియాలి. ఊచల మధ్య ఎలా కుదిరితే అలా పైపు పడుకోబెట్టి, కాంక్రీటు లోపలికి పోకుండా మూతిలో సిమెంటు సంచి కాగితం కుక్కారు. ఆ కాగితాన్ని తర్వాత ఎవరు తీశారో, అసలు తీశారో లేదో చరిత్రకు అందలేదు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఈయన వస్తూనే మెయిన్ ఆపించాడు. కరెంటు వైర్లున్న పైపులో టీవీ కేబుల్ పెట్టకూడదట, వైరు లాగడానికి పైపులోకి తోసే స్టీలు స్ప్రింగు అసలే తోయకూడదట. న్యాయమే. అటు 230 వోల్టుల మోతుబరి. ఇటు టీవీ దగ్గరి బాక్సు పంపే 13 వోల్టులో 18 వోల్టులో తిని డిష్ దగ్గర బతుకీడ్చే చిరుద్యోగి. ఒకే గదిలో కాపురం పెట్టిస్తే ఏం బాగుంటుంది? అదృష్టవశాత్తూ మా పైపులో మోతుబరి లేడు.

స్ప్రింగు పైనుంచి పన్నెండు అడుగులు వెళ్లి ఆగింది. హాల్లోంచి తొమ్మిది అడుగులు వెళ్లి ఆగింది. ఆయన స్క్రూడ్రైవర్ పిడితో గోడంతా టకటకా కొట్టి, చెవి ఆనించి విన్నాడు. అమ్మ కొబ్బరినూనె తెచ్చింది. పక్కింటి బాబాయ్ గారు పౌడరు డబ్బా తెచ్చారు. రెండూ వేశాక పైపులోంచి పసిపిల్లాడికి స్నానం చేయించిన వాసన వచ్చింది కానీ స్ప్రింగు రాలేదు.

"పాత వైరుకి కొత్తది కట్టి లాగితే సరి" అన్నారు బాబాయ్ గారు. పుస్తకం ప్రకారం అదే సరైన పద్ధతి. రెండు కొసలూ కలిపి టేపు చుట్టారు. పైన కుర్రాడు వదులుతుంటే కింద మేం లాగాం. ముందు పాత కేబుల్ కదిలింది. దాంతోపాటు చప్పటి రిబ్బన్ వైరు ఒకటి వచ్చింది: దూరదర్శన్ యాంటెన్నా నాటిది. అంటే 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయని కేబుల్ లాగించినప్పుడు దీన్ని లోపలే ఉంచేశారన్నమాట. వెనకే సన్నటి ఫోను వైరు. దాని రెండు చివర్లూ ఎక్కడున్నాయో ఇంట్లో ఎవరికీ తెలియదు. నా లెక్కలో వీటికి చోటే లేదు. నాలుగో గుంజుకి పాత కేబుల్ మొత్తం ఊడొచ్చింది, చివర టేపుతో సహా. కొత్తది మాత్రం బెండులో ఉండిపోయింది. పైకీ రాదు, కిందికీ రాదు.

"గోడకి గాడి కొట్టేద్దామా?" అన్నాడు ఎలక్ట్రీషియన్. మా ఆవిడ మొన్న దసరాకి వేయించిన రంగు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఆ ప్రతిపాదన అక్కడితో వీగిపోయింది.

పైపులో ఆనాడే ఒక నైలాన్ తాడు వదిలేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదని ఆయన వెళ్తూ వెళ్తూ అన్నాడు. గృహప్రవేశానికి నాలుగొందల మందికి భోజనాలు పెట్టిన ఇల్లు ఇది. తాడు దగ్గర పొదుపు చేశాం.

చివరికి కేబుల్ కిటికీలోంచి వచ్చింది. దోమల జాలీకి బెజ్జం పెట్టి, వాన నీళ్లు లోపలికి కారకుండా బయట కిందికి ఒక వంపు ఇచ్చి, కుర్రాడు పది నిమిషాల్లో పని ముగించాడు. కిటికీ రెక్క ఇప్పుడు పూర్తిగా పడదు. కేబుల్‌తోపాటు దోమలూ వస్తున్నాయి, వాటికి నెలనెలా రీచార్జి అక్కర్లేదు. గట్టి వాన పడితే బొమ్మ పోతుంది, దోమలు పోవు.

పైపు మాత్రం ఖాళీగా లేదు. టీవీ బల్ల వెనక దాని మూతిలోంచి నల్లచీమలు బారులు తీరి దిగుతున్నాయి. పైన మా అమ్మ ఒడియాలు ఎండబెట్టింది; ఒక్కొక్కటీ ఒక్కో తునక మోసుకొస్తోంది. ఫోన్ చేసి ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను.

"చూశారా, పైపు క్లియరే సార్" అన్నాడు.