పాల్ స్కీన్స్‌ను ఇప్పుడే ఇచ్చేయాలా? ఆ వాదనలోని ఒక్కో మాటకూ జవాబు

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ 2025లో 71 మ్యాచ్‌లు గెలిచి 91 ఓడింది. అదే జట్టులో ఆడుతూ పిచర్ పాల్ స్కీన్స్ 1.97 ఈఆర్ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు, ఎంత తక్కువైతే అంత మంచిది) నేషనల్ లీగ్‌లో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. అతన్ని వేరే జట్టుకు ట్రేడ్ చేసి బదులుగా కుర్రాళ్లను తెచ్చుకోవాలని బేస్‌బాల్ అభిమానుల మధ్య అప్పటినుంచి ఒక వాదన బాగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “ఓడిపోయే జట్టుకు స్టార్ ఎందుకు? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. అతని మీద ఎక్కువ ఏళ్ల హక్కు ఉన్నప్పుడే ఎక్కువ వస్తుంది. జులైలో ట్రేడ్‌ల గడువుకు మించిన బేరం ఇంకోటి ఉండదు. ఒకడిని ఇస్తే ఐదుగురు కుర్రాళ్లు వస్తారు. అతను ఉంటే నాలుగు మ్యాచ్‌లు ఎక్కువ గెలిచి, కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో వెనకబడతాం. చిన్న ఊరి జట్టు ఎలాగూ అతన్ని నిలుపుకోలేదు. ఉంచుకుంటే చివరికి ఒహ్తానీ విషయంలో ఏంజెల్స్‌కు పట్టిన గతే.”

ఇందులో కొంత నిజం ఉంది. ఎక్కువ భాగం తప్పు.

ఐపీఎల్ అలవాటున్నవాళ్లకు ముందుగా ఒక తేడా చెప్పాలి. 2023 నవంబరులో హార్దిక్ పాండ్యాను గుజరాత్ నుంచి ముంబై డబ్బిచ్చి తీసుకుంది. మేజర్ లీగ్‌లో ఆటగాడిని ఇస్తే ప్రధానంగా ఆటగాళ్లే వస్తారు, వాళ్లతో పాటు వాళ్ల మీద మిగిలిన హక్కు వస్తుంది. ఒక కుర్రాడు ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆ జట్టువాడే. 172 రోజులైతే ఒక ఏడాది సర్వీసు. మొదటి మూడేళ్లు కనీస జీతానికి దగ్గర్లో ఆడతాడు, తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్‌లో (మధ్యవర్తి తీర్పుతో) జీతం పెరుగుతుంది, ఆపైన ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన జట్టుకు వెళ్లొచ్చు. స్కీన్స్ తొలి మ్యాచ్ ఆడింది 2024 మే 11న. అయినా ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడిగా రూకీ ఆఫ్ ది ఇయర్ గెలిచినందుకు నిబంధన ప్రకారం ఏడాది మొత్తం సర్వీసు దక్కింది. కాబట్టి అతని మీద పైరేట్స్ హక్కు 2029 సీజన్ దాకా.

“ఎక్కువ ఏళ్లుంటే ఎక్కువ వస్తుంది” అన్నది అన్నిటికన్నా గట్టిగా వినిపించే మాట, అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన మాట కూడా. 2017–18 శీతాకాలంలో మయామీ మార్లిన్స్ తన అవుట్‌ఫీల్డర్లను ఇచ్చేసింది. వాళ్లలో ఇద్దరిని పక్కపక్కన పెట్టండి. మార్సెల్ ఒజూనా మీద రెండేళ్ల హక్కే మిగిలింది. అతన్ని డిసెంబరులో సెయింట్ లూయిస్‌కు ఇస్తే వచ్చిన నలుగురిలో శాండీ ఆల్కంటారా, జాక్ గాలెన్ ఉన్నారు. ఆల్కంటారా 2022లో సై యంగ్ గెలిచాడు. క్రిస్టియన్ యెలిచ్‌కు చవక కాంట్రాక్టులో, జట్టు కావాలంటే పొడిగించుకునే ఆప్షన్ ఏడాది కలుపుకుని, ఐదేళ్లు మిగిలున్నాయి. జనవరిలో అతన్ని మిల్వాకీకి ఇచ్చి మార్లిన్స్ తెచ్చుకున్నదీ నలుగురినే. వాళ్లలో పెద్ద పేరు లూయిస్ బ్రిన్సన్, 2018లో అతని బ్యాటింగ్ సగటు .199, అంటే పదిసార్లకు రెండు హిట్లు కూడా లేవు. అదే ఏడాది యెలిచ్ .326 కొట్టి నేషనల్ లీగ్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) అయ్యాడు. ఐదేళ్ల హక్కు కన్నా రెండేళ్ల హక్కే ఎక్కువ తెచ్చింది.

కారణం ఊరికే దురదృష్టం కాదు. కొనే జట్టు లెక్కపెట్టేది ఎన్ని ప్లేఆఫ్స్‌కు ఈ ఆటగాడు పనికొస్తాడన్నది. మొదటి రెండు మూడింటికి అది పూర్తి ధర కడుతుంది. నాలుగో ఏట, ఐదో ఏట తన జట్టు ఎలా ఉంటుందో దానికే తెలియదు, ఆ ఏళ్లకు కోత పెట్టే కడుతుంది. దీనికి తోడు ఆటగాళ్ల సంఘంతో ఉన్న ఉమ్మడి ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. 2027 తర్వాతి జీతాల నియమాలకు ఇవాళ ఎవరూ హామీ ఇవ్వలేరు. స్కీన్స్‌ను ఇప్పుడు ఇస్తే ఆ దూరపు ఏళ్లను కోత ధరకు వదులుకున్నట్టే.

అలాగని చివరిదాకా కూర్చోమనడం లేదు. బాల్టిమోర్ ఓరియోల్స్ మానీ మచాడో దగ్గర చేసిన తప్పు అదే. 2017 డిసెంబరులో ఇచ్చి ఉంటే కొన్నవాళ్లకు ఒక పూర్తి సీజన్ దక్కేది, ఆపైన క్వాలిఫయింగ్ ఆఫర్ (నిర్ణీత జీతానికి ఒక ఏడాది కాంట్రాక్టు) ఇచ్చి, అతను కాదని వెళ్లిపోతే ఒక డ్రాఫ్ట్ పిక్, అంటే డ్రాఫ్ట్‌లో ఎంచుకునే అదనపు వంతు, తీసుకునే వీలుండేది. 2018 జులై 18న ఇచ్చేసరికి డాడ్జర్స్‌కు దొరికింది 66 మ్యాచ్‌లు. సీజన్ మధ్యలో చేతులు మారిన ఆటగాడికి క్వాలిఫయింగ్ ఆఫర్ ఇవ్వకూడదు కాబట్టి పిక్ ఆశ కూడా లేదు. బదులుగా వచ్చిన ఐదుగురిలో బాల్టిమోర్‌లో ఏళ్ల తరబడి నిలబడింది పిచర్ డీన్ క్రెమర్ ఒక్కడే. ప్రధానంగా చెప్పుకున్న యుస్నియెల్ డియాజ్ మేజర్ లీగ్‌లో కుదురుకోలేదు.

బాగా కుదిరిన బేరాల్లో చాలావరకు ఈ రెండు కొసల మధ్యే పడతాయి. టెక్సస్ రేంజర్స్ మార్క్ టెషేరాను 2007 జులై 31న ఇచ్చినప్పుడు ఏడాదిన్నర మిగిలింది. ఎల్విస్ ఆండ్రస్, నెఫ్తాలీ ఫెలీజ్, మ్యాట్ హారిసన్ అలా వచ్చినవాళ్లే. 2010, 2011 వరల్డ్ సిరీస్‌లకు వెళ్లిన ఆ జట్టు డల్లాస్‌లో ఉండే మనవాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హువాన్ సోటోను వాషింగ్టన్ నేషనల్స్ 2022 ఆగస్టు 2న ఇచ్చినప్పుడు రెండున్నరేళ్లు మిగిలాయి, అంటే కొన్నవాళ్లకు మూడు ప్లేఆఫ్స్ అవకాశాలు. వచ్చినవాళ్లలో అబ్రమ్స్ 2024లో, గోర్, జేమ్స్ వుడ్ 2025లో ఆల్‌స్టార్లయ్యారు. ఒక స్టార్‌కు బదులుగా ఇంతకన్నా మంచి బేరం ఈమధ్య కాలంలో కనబడదు. అయినా నేషనల్స్ 2023లో 91, 2024లో 91, 2025లో 96 ఓడింది. స్టార్‌ను ఇవ్వడమే పునర్నిర్మాణం అనుకునేవాళ్లు ఈ మూడు అంకెలను చూడాలి. ట్రేడ్‌లో వచ్చినవాళ్ల చుట్టూ సొంత డ్రాఫ్ట్ నుంచి, విదేశీ కుర్రాళ్ల నుంచి మరో పదిమంది ఎదగకపోతే ముగ్గురు ఆల్‌స్టార్లూ కలిసి అట్టడుగునే ఉంటారు.

“జులై గడువుకే ఎక్కువ ధర” అన్నది కాంట్రాక్టు ఆ ఏడాదితో ముగిసే అద్దె ఆటగాళ్ల విషయంలో నిజం, రెండు నెలల కోసం తీసుకునే రిలీవర్‌కు (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్‌కు) ఆ వారంలో మంచి రేటే వస్తుంది. ఏళ్ల హక్కు ఉన్న స్టార్‌కు లెక్క వేరు. జులైలో బేరానికి వచ్చేవి ప్లేఆఫ్స్ ఆశ ఉన్న జట్లే, అవి తమ మేజర్ లీగ్ కుర్రాళ్లను వదులుకోలేవు, ఎందుకంటే ఆ రాత్రికి వాళ్లే ఆడాలి. డిసెంబరులో ఆ ఇబ్బంది ఉండదు.

చాలామంది వదిలేసే నిబంధన ఇంకొకటి ఉంది. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో తీసుకున్న ఆటగాడిని వరల్డ్ సిరీస్ ముగిసేదాకా ట్రేడ్ చేయకూడదు. డ్రాఫ్ట్ ఇప్పుడు జులైలోనే జరుగుతుంది కాబట్టి, అవతలి జట్టు చేతిలో ఉన్న సరికొత్త మొదటి రౌండ్ కుర్రాడు గడువు రోజున బేరంలోకే రాడు. వైట్ సాక్స్ 2024 జులైలో పిచర్ గారెట్ క్రోషేను ఇవ్వకుండా ఆగినప్పుడు అభిమానులు తిట్టిపోశారు. డిసెంబరులో బోస్టన్ నలుగురిని ఇచ్చింది: క్యాచర్ కైల్ టీల్, బ్రేడెన్ మాంట్‌గోమరీ, చేస్ మైడ్రాత్, విక్కెల్మన్ గొన్సాలెజ్. మాంట్‌గోమరీ అదే ఏడాది జులైలో 12వ పిక్‌గా ఎంపికైనవాడు. గడువు రోజున బోస్టన్ ఇద్దామనుకున్నా అతన్ని ఇవ్వలేకపోయేది. క్రోషే మీద అప్పటికి రెండు పూర్తి సీజన్ల హక్కు ఉంది. నాలుగు నెలలు ఆగినందుకు వైట్ సాక్స్ కోల్పోయింది, రెండు నెలల సీజన్ మినహా, దాదాపు ఏమీ లేదు.

“ఒకడికి ఐదుగురు” అని తలలు లెక్కపెట్టడం ఇంకో పొరపాటు. జట్టు తన ఆటగాళ్లను వేరేవాళ్లు ఎత్తుకుపోకుండా కాపాడుకునే 40 మంది జాబితాలో చోటుకు కూడా ఖరీదుంది. 18 ఏళ్లకో అంతకుముందో సంతకం చేసిన కుర్రాడిని ఐదు సీజన్ల తర్వాత, 19 ఏళ్లకో ఆ తర్వాతో చేసినవాడిని నాలుగు సీజన్ల తర్వాత ఆ జాబితాలో చేర్చకపోతే రూల్ 5 డ్రాఫ్ట్‌లో ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. ఒకే ఈడు కుర్రాళ్లు ఐదుగురిని గంపగుత్తగా తెచ్చుకుంటే వాళ్లందరి గడువూ ఒకే శీతాకాలానికి వచ్చి పడుతుంది. కాన్సస్ సిటీ రాయల్స్ 2010 డిసెంబరులో జాక్ గ్రింకీని రెండేళ్ల హక్కుతో మిల్వాకీకి ఇచ్చినప్పుడు అడిగింది వేరే రకం. షార్ట్‌స్టాప్ అల్సిడెస్ ఎస్కోబార్, సెంటర్ ఫీల్డర్ లొరెంజో కేన్ ఇద్దరూ అప్పటికే మేజర్ లీగ్‌లో ఆడినవాళ్లు. పిచర్ జేక్ ఒడొరిజ్జీని రెండేళ్ల తర్వాత వేరే ట్రేడ్‌లో పెట్టి జేమ్స్ షీల్డ్స్, వేడ్ డేవిస్‌లను తెచ్చారు. అమెరికన్ లీగ్ ఫైనల్స్‌లో 2014లో కేన్, 2015లో ఎస్కోబార్ ఎంవీపీలు. 2015 వరల్డ్ సిరీస్ ఆ జట్టుదే. మైదానం నడిమధ్యన ఖాళీగా ఉన్న రెండు చోట్లకు ఇద్దరిని తెచ్చుకోవడం అంటే అదీ.

డ్రాఫ్ట్ పాడవుతుందన్న మాట 2023 డ్రాఫ్ట్ నుంచి పాతబడిపోయింది. మొదటి ఆరు పిక్‌లకు ఇప్పుడు లాటరీ. అట్టడుగు మూడు జట్లకూ తలా 16.5 శాతం అవకాశం, అంటే అందరికన్నా ఎక్కువ ఓడినా అదనపు లాభం లేదు. వరుసగా లాటరీ పిక్‌లు తీసుకోవడానికీ హద్దులున్నాయి. వైట్ సాక్స్ 2024లో 121 మ్యాచ్‌లు ఓడి, 2025 డ్రాఫ్ట్‌లో పదో పిక్ తీసుకుంది.

చిన్న ఊరు నిలుపుకోలేదంటారు. అదే కాన్సస్ సిటీ 2023లో 106 ఓడింది. 2024 ఫిబ్రవరిలో బాబీ విట్ జూనియర్‌తో 11 ఏళ్లకు 28 కోట్ల 87 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుని, ఆ ఏడాదే 86 గెలిచి ప్లేఆఫ్స్ ఆడింది. హ్యూస్టన్ ఆస్ట్రోస్ వరుసగా 106, 107, 111 ఓడిన 2011–13లో కూడా హోసే అల్టూవేను ఉంచుకుని, 2013లోనే చవకగా కాంట్రాక్టు పొడిగించింది. 2017 ఎంవీపీ, వరల్డ్ సిరీస్ రెండూ అక్కడినుంచే. అయితే విట్ షార్ట్‌స్టాప్, అల్టూవే సెకండ్ బేస్‌మన్. పిచర్ చెయ్యి అంత నమ్మదగ్గది కాదు, ఈ ఒక్క చోట వాళ్ల భయం న్యాయమైనదే. అందుకే పిచర్ విషయంలో ఏడాదిన్నర దాకా లాగకూడదు. రెండేళ్లు మిగిలి ఉండగానే తేల్చేయాలి.

ఒహ్తానీ ఉదాహరణ కూడా సగం సరైనదే. 2023 జులైలో ఏంజెల్స్ అతన్ని ఇవ్వకుండా, ఎదురు కుర్రాళ్లనిచ్చి పిచర్ జియోలీటోను తెచ్చుకుంది. ఆగస్టులో 8 గెలిచి 19 ఓడింది, నెలాఖరుకు అదే జియోలీటోతో పాటు మరికొందరిని వేవర్స్ మీద, అంటే ఏ జట్టైనా ఊరికే తీసుకుపోయేలా, వదిలేసింది. 73 విజయాలతో ముగించింది, ఒహ్తానీ డాడ్జర్స్‌కు వెళ్లాడు, మిగిలింది రెండో రౌండ్ తర్వాతి ఒక పిక్. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. కానీ అక్కడ హక్కు రెండు నెలలే మిగిలింది, స్కీన్స్ మీద 2029 దాకా ఉంది. ఏంజెల్స్ జారవిడిచిన అసలు తేదీ 2022 జులై, అప్పుడు ఏడాదిన్నర చేతిలో ఉంది.

కాబట్టి పిట్స్‌బర్గ్‌కు తేదీ 2027 సీజన్ ముగిసిన శీతాకాలం. అప్పటికి 2028, 2029 రెండూ చేతిలో ఉంటాయి. ఆ వేసవిలో జట్టు సగం మ్యాచ్‌లు గెలవలేకపోయి, స్కీన్స్ కాంట్రాక్టు పొడిగింపుకు ఒప్పుకోకపోతే ఇచ్చేయాలి. బదులుగా, అప్పటికే డబుల్ ఏ (మైనర్ లీగ్స్‌లో పైనుంచి రెండో మెట్టు) దాటిన ఇద్దరు బ్యాటర్లు, వాళ్లలో ఒకరు షార్ట్‌స్టాప్ గానీ సెంటర్ ఫీల్డర్ గానీ కావాలి, మేజర్ లీగ్‌లో ఒక ఏడాదైనా పిచ్ చేసిన కుర్రాడు ఒకడు, ఆ జులై డ్రాఫ్ట్ మొదటి రౌండ్ పిక్ ఒకడు. నలుగురి వైద్య నివేదికలూ సంతకానికి ముందే సొంత డాక్టర్లతో చదివించాలి. అవతలి జట్టు మొదటి ఇద్దరి దగ్గర తగ్గించమంటే ఐదో పేరు, ఆరో పేరు చేర్చి సరిపెట్టుకోకూడదు. ఇంకో జట్టుకు ఫోన్ చేయాలి.