హెచ్చరిక జిల్లాకు, వరద గెడ్డకు

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినప్పుడల్లా ఉత్తరాంధ్రకు అందే హెచ్చరిక దాదాపు ఒకే మూసలో ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో అక్కడక్కడ భారీ నుంచి అతి భారీ వర్షాలు కురుస్తాయని, లోతట్టు ప్రాంతాల వారు అప్రమత్తంగా ఉండాలని అందులో చెబుతారు. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే గెడ్డ (కొండవాగు) మీది కాజ్‌వే దాటి పశువులను తోలుకురావలసిన రైతుకు, ఆ సాయంత్రం దాటవచ్చో లేదో దీన్నిబట్టి తేలదు. ఎంత వాన పడుతుందన్న అంచనాను ఏ గెడ్డ ఎప్పుడు పొంగుతుందన్న అంచనాగా మార్చడమే అసలు పని, అది మన దగ్గర ఇంకా సగంలోనే ఉంది.

వాతావరణ శాఖ వర్గీకరణలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లకు చేరితేనే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ. ఆకస్మిక వరదకు రోజంతా అక్కర్లేదు, వాన మొదలైన ఆరు గంటల్లోపే అది ముంచెత్తుతుంది. వంద చదరపు కిలోమీటర్ల కొండవాలు నీరంతా ఒకే గెడ్డలోకి దిగుతుందనుకుందాం. అక్కడ 50 మిల్లీమీటర్ల వాన పడి, సగం నేలలో ఇంకిపోయి, మిగతా సగం మూడు గంటల్లో కిందికి వస్తే సగటు ప్రవాహం ఎనిమిది వేల క్యూసెక్కులు దాటుతుంది. అదే నీరు రోజంతా నిదానంగా దిగితే వెయ్యి క్యూసెక్కులకు కాస్త అటూ ఇటూ. విచిత్రమేమిటంటే, కాజ్‌వేను కోసుకుపోగల ఆ 50 మిల్లీమీటర్లు రోజు లెక్కలో 'భారీ వర్షం' కిందికే రావు.

ఈ లోటు తీర్చడానికే 2020 అక్టోబరులో మన దేశంతోపాటు బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, శ్రీలంకల కోసం దక్షిణాసియా ఆకస్మిక వరద మార్గదర్శక వ్యవస్థను వాతావరణ శాఖ ప్రారంభించింది. ముంచుకొస్తున్న వరద ముప్పును ఆరు గంటల ముందు, వరద వచ్చే అవకాశాన్ని 24 గంటల ముందు చెప్పడం దాని ఉద్దేశం. ఎంత వాన పడుతుందన్న దగ్గర అది ఆగదు. నేలలో ఇప్పటికే ఉన్న తడిని బట్టి ఒక్కో చిన్న పరీవాహకంలో, అంటే ఒక వాగులోకి నీరు దిగే ప్రాంతంలో, ఆ వాగు ఒడ్డు దాటడానికి ఇంకెంత వాన చాలునో లెక్కగడుతుంది. జూన్‌లో ఎండి పగుళ్లిచ్చిన నేల తాగేసే వాన, నాలుగు ముసుర్లు పట్టిన సెప్టెంబరు చివర్లో ఇంచుమించు అంతా వాగులోకే వస్తుంది. పోడు కొట్టిన వాలు, జీడితోట ఉన్న వాలు, అడవి మిగిలిన వాలు నీటిని ఒక్కతీరుగా వదలవు. ఆ తేడాలు ఈ లెక్కలు కట్టే కంప్యూటర్ మోడల్‌లోకి ఎక్కకపోతే అది ఎంత ఖరీదైన యంత్రం మీద నడిచినా గెడ్డకు అక్కరకు రాదు.

అసలు చిక్కు వాన ఎక్కడ పడుతుందన్నది. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, పక్కపక్కనే దాదాపు 250 కిలోమీటర్ల చొప్పున ప్రవహిస్తాయి. మోడల్‌లో మేఘం 30 కిలోమీటర్లు పక్కకు జరిగితే జిల్లా హెచ్చరిక తప్పుకాదు, కానీ నీరు వేరే నదిలోకి పోతుంది. 2025 మేలో ప్రారంభించిన వాతావరణ అంచనా మోడల్ భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ నేలను ఆరు కిలోమీటర్ల గడులుగా విభజించి పనిచేస్తుంది. అది గొప్ప మెరుగుదలే. అయినా గడి చిన్నదైనంత మాత్రాన మేఘం చెప్పిన చోటే కురవదు. అందుకే ఒకే మోడల్‌ను కొద్ది మార్పులతో అనేకసార్లు నడిపి, ఎన్నింటిలో ఈ పరీవాహకం మునిగిందో చూసి, ఆ అవకాశాన్ని శాతంలో చెప్పాలి. జనానికి శాతాలు అర్థం కావన్న వాదన నాకు అంగీకారం కాదు. అప్పు చేసి విత్తనం వేసే రైతు ఏటా వేసుకునేవి అలాంటి లెక్కలే.

రాడార్ ఉంది కదా అనవచ్చు. విశాఖ రాడార్ కిరణాన్ని అర డిగ్రీ కోణంలో పంపితే, 160 కిలోమీటర్ల దూరంలో ఒడిశాలోని గుణుపూర్ వద్దకు చేరేసరికి భూమి వంపు వల్ల అది దాదాపు మూడు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని కింద కొండను ఆనుకుని కురిసేది సరిగా కనిపించదు. ఆ ఖాళీని నేలమీది వర్షమాపకాలే పూడ్చాలి, అవీ కొండపైన, సరిహద్దుకు అవతల ఉండాలి. కేంద్ర జలసంఘం నదీ ప్రవాహాన్ని కొలిచే ఒడిశాలోని కాశీనగర్ దాటాక వంశధార నీరు గొట్టా బ్యారేజీకి చేరడానికి ఎంతో సమయం పట్టదు. మహేంద్రగిరి కొండ నుంచి బారువ తీరానికి దిగే మహేంద్రతనయ నది పరుగు మరీ పొట్టిది.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఇంకో సంగతి చూపింది. గాలికి కరెంటు, ఫోన్ టవర్లు పోయాక ఎగువన కురిసిన వాన వరదగా దిగింది. సెల్‌కు వచ్చే సందేశాన్నే నమ్ముకున్న ఏర్పాటు అవసరమైన పూటే మూగబోతుంది. తుపాను వెనుక వచ్చే వరదకు వైర్‌లెస్ సెట్టు, ఊళ్లో దండోరా ఇప్పటికీ పాతబడలేదు.

గొట్టా, తోటపల్లి, మడ్డువలస ప్రాజెక్టుల గేట్లు ఎప్పుడు, ఎన్ని అడుగులు ఎత్తుతారన్నది కూడా మోడల్‌కు ముందే అందాలి, ఎందుకంటే దిగువ గ్రామానికి వరద వేళను వానతోపాటు ఆ నిర్ణయమూ తేలుస్తుంది. రెండు రాష్ట్రాల వర్షమాపకాల లెక్కలు గంట గంటకూ ఒకేచోట కనిపించాలి. ప్రతి వర్షాకాలం ముగిశాక ఏ గెడ్డకు ఇచ్చిన హెచ్చరిక ఫలించింది, ఏది వృథా అయింది, ఏది అసలు ఇవ్వనేలేదు అన్న పట్టికను మండలాల వారీగా బయటపెడితే, మోడల్ ఎక్కడ తడబడుతోందో శాస్త్రవేత్తలకు, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కాజ్‌వే దగ్గర నిలబడ్డ మనిషికి తెలుస్తుంది.